ఏ అచ్చమాంబ?

నా పరిశోధన మొత్తంలో బాగా వచ్చాయని నేను మురిసిపోయిన పదకొండు పేజీలు చివరికి థీసిస్‌లో లేవు. అవి ఒక తప్పు మనిషి గురించి రాసినవి. తప్పు మనిషి అంటే లేని మనిషి అని కాదు. ఉన్న ఇద్దరు మనుషుల్ని కలిపి నేను తయారు చేసుకున్న మూడో మనిషి.

జరిగింది ఇది. తొలితరం రచయిత్రుల మీద పని చేస్తున్న రోజుల్లో ఒక పాత లైబ్రరీలో కార్డుల సొరుగు లాగి చూస్తుంటే ‘అచ్చమాంబ’ పేరు కింద రెండు పుస్తకాలు కనిపించాయి. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’, ‘ప్రసూతి - శిశుపోషణ’. ఒకే కార్డు, ఒకే చేతిరాత. మొదటి పుస్తకం రాసిన భండారు అచ్చమాంబ గురించి అప్పటికే కొంత చదివి ఉన్నాను. చిన్నప్పుడే పెళ్లయి మధ్యపరగణాలకు కాపురానికి వెళ్లిన మనిషి. బడి మొహం చూడకుండానే తెలుగుతో పాటు హిందీ, మరాఠీ నేర్చుకుంది. పుట్టిన పిల్లలు పసితనంలోనే పోయారు. ఈ చివరి సంగతి పక్కన ‘శిశుపోషణ’ అన్న మాట కనిపించేసరికి నా తలలో ఒక వాదం మొత్తంగా తయారై కూర్చుంది. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి ఆ దుఃఖాన్ని శాస్త్రజ్ఞానంగా మార్చి ఇతర తల్లుల చేతుల్లో పెట్టింది! అడిగిన పుస్తకం బైండింగుకు వెళ్లిందన్నారు. అది వచ్చేదాకా ఆగాలని కూడా అనిపించలేదు. రాసేశాను. మాతృత్వం గురించి, దుఃఖం గురించి, ఆడవాళ్ల జ్ఞానం గురించి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ బాగానే రాశాను.

మా గైడ్ మేడమ్ చదివి ఒకే ఒక్క ప్రశ్న వేశారు. “పురుళ్ల గురించి పుస్తకం రాయడానికి అచ్చమాంబ వైద్యం ఎక్కడ చదివిందమ్మా?”

ఎక్కడా చదవలేదు. చదివింది ఇంకో అచ్చమాంబ.

ఇద్దరి సంగతీ తెలిసినవాళ్లు ఉంటారు, తెలియనివాళ్లూ ఉంటారు కాబట్టి కొంచెం చెప్తాను. భండారు అచ్చమాంబ 1874లో పెనుగంచిప్రోలులో పుట్టింది. విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించిన కొమర్రాజు లక్ష్మణరావుకి అక్క. నాగపూర్లో అక్క ఇంట్లో ఉండి తమ్ముడు చదువుకున్నాడు. తమ్ముడి చదువు వల్ల అక్క చదువుకుంది. 1901లో అబలా సచ్చరిత్ర రత్నమాల మొదటి భాగం వచ్చింది. 1902లో ‘హిందూ సుందరి’లో కథలు వచ్చాయి. అదే ఏడు మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టింది. 1905 జనవరిలో బిలాస్‌పూర్‌లో చనిపోయింది. ముప్పై ఏళ్లు. ఆ మరుసటి ఏడు, 1906లో, లక్ష్మణరావుకి కూతురు పుట్టింది. ఆ పిల్ల పేరు అచ్చమాంబ. ఆ పిల్ల పెద్దయి మద్రాసులో వైద్యం చదివి, బెజవాడలో పురుళ్లు పోసి, స్వాతంత్ర్యోద్యమంలో, తర్వాత కొన్నేళ్లు కమ్యూనిస్టులకు దగ్గరగా పనిచేసి, 1957లో కాంగ్రెస్ తరఫున విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికైంది. 1964లో పోయింది.

‘ఆమె’ అంటే ఎవరో తెలియదు కాబట్టి ఇక్కడినుంచి వీళ్లని అత్త, మేనకోడలు అంటాను.

తప్పు తెలిశాక నేను చేసిన మొదటి పని లైబ్రరీని తిట్టుకోవడం. రెండో పని, కార్డు రాసిన మనిషికి ఈ ఇద్దరినీ విడదీసే ఆధారం ఏముందో చూడటం. అప్పుడు అర్థమైంది. అత్త కూడా పుట్టుకతో కొమర్రాజు అచ్చమాంబే! పెళ్లయ్యాక భండారు. మేనకోడలు తండ్రి ఇంటిపేరుతోనే జనానికి తెలుసు. అంటే పుట్టింటి పేర్లు రాస్తే ఇద్దరూ అక్షరం తేడా లేకుండా ఒక్కటే. వాళ్లని వేరు చేస్తున్నది అత్తకు జరిగిన పెళ్లి మాత్రమే. మనం ఇన్నాళ్లూ పెళ్లితో ఇంటిపేరు మార్చడం గురించి అన్న మాటలన్నీ సరైనవే. కానీ క్యాటలాగులో అత్తను మేనకోడలి నుంచి కాపాడుతున్నది ఆ మారిన ఇంటిపేరే. ఈ ముడి నాకు కొన్నాళ్లు మింగుడుపడలేదు.

మగవాళ్లకు ఈ బాధ లేదా అని ఎవరైనా అడగవచ్చు. పేర్లు వాళ్లకీ కొన్నే. భావకవిత్వంలోనే ఇద్దరు సుబ్బారావులున్నారు. రాయప్రోలు సుబ్బారావు, ఎంకిపాటల నండూరి సుబ్బారావు. వాళ్లిద్దరినీ కలిపేసిన విద్యార్థిని నేనింతవరకు చూడలేదు. ఎందుకంటే వాళ్లని మనం సుబ్బారావు అనం. రాయప్రోలు అంటాం, నండూరి అంటాం. గురజాడ, కందుకూరి, విశ్వనాథ. ఇంటిపేరే మనిషి పేరై నిలిచిపోయింది. పుట్టినప్పుడు ఉన్నది పోయేదాకా ఉంటుందన్న భరోసా ఉంది కాబట్టి అది నిలవగలిగింది. మరి మనం? అచ్చమాంబ. మొల్ల. వెంగమాంబ. రంగనాయకమ్మ. ఇంట్లో పిలిచినట్టే విమర్శలోనూ పిలుస్తాం. ఆ పిలుపులో ప్రేమ ఉందనేవాళ్లున్నారు. ఉండొచ్చు. ఆ ప్రేమ సూచికలో పనికిరాదు. దీనికి మినహాయింపు వారపత్రికల నవలల కాలంలో వచ్చింది. ఇద్దరు సులోచనలు ఒకేసారి రాస్తుండేసరికి పాఠకులే వాళ్లని యద్దనపూడి, మాదిరెడ్డి అన్నారు. విమర్శకులకు తోచని పద్ధతి అద్దె పుస్తకాల షాపులో తోచింది!

నా గోడు విని, పురాతన చరిత్ర చెప్పే స్నేహితురాలొకామె నవ్వింది. “నీకు ఇద్దరే కదే, రోముకు రా” అంది. ఆమె చూపించినవి చదివాక నిజంగానే నా కష్టం చిన్నదనిపించింది. గణతంత్ర కాలపు రోమన్ పెద్ద కుటుంబాల్లో మగపిల్లవాడికి సొంత పేరు, వంశం పేరు, తరచుగా ఆపైన ఇంకో పేరు. ఆడపిల్లకు వంశం పేరునే స్త్రీలింగం చేసి తగిలించేవారు. జూలియస్ వంశంలో పుట్టిన ప్రతి పిల్లా జూలియా. సీజర్ మేనత్త జూలియా. తోబుట్టువులిద్దరూ జూలియాలే. కూతురు జూలియా. మార్క్ ఆంటోనీకి ఆక్టేవియాతో పుట్టిన ఇద్దరు కూతుళ్లూ ఆంటోనియాలు. ఒకే ఇల్లు, ఒకే తల్లిదండ్రులు, ఒకే పేరు. చరిత్రకారులు ‘పెద్ద’, ‘చిన్న’ అని తోకలు పెట్టి నెట్టుకొస్తున్నారు. ఇక అగస్టస్ చక్రవర్తి కూతురు జూలియాని వ్యభిచార నేరం మీద క్రీ.పూ. 2లో ఒక ద్వీపానికి పంపించాడు. ఆమె కూతురు జూలియాని అలాంటి నేరం మీదే క్రీ.శ. 8లో ఇంకో ద్వీపానికి పంపించాడు. పేరు ఒకటే, నింద ఒకటే, శిక్ష ఒకటే. ఇద్దరూ వేర్వేరు బతుకులు బతికారని గుర్తు పెట్టుకోవడానికి పాఠకురాలికి ఎంత ప్రయత్నం కావాలో చూడండి. ఆ సమాజంలో కూతురి పేరు ఆ పిల్ల ఎవరో చెప్పడానికి కాదు. ఏ వంశం సొత్తో చెప్పడానికి.

రోము దూరం. అత్త అచ్చమాంబ బతికిన మరాఠీ లోకం మాత్రం మనకు దగ్గరే, ఆమెకు ఇంకా దగ్గర. అక్కడ పెళ్లితో ఇంటిపేరే కాదు, అసలు పేరు కూడా మార్చే ఆచారం ఉంది. యమున అనే పిల్ల మహాదేవ గోవింద రానడేను పెళ్లాడి రమాబాయి అయింది. ఇంకో యమున గోపాలరావు జోషిని పెళ్లాడి ఆనందీబాయి అయింది. 1886లో ఫిలడెల్ఫియాలో వైద్య పట్టా తీసుకున్నది ఈమే. ఆ పట్టా పుచ్చుకుంటుండగా చూడటానికి సముద్రాలు దాటి వెళ్లినామె పండిత రమాబాయి. పండిత రమాబాయి 1882లో పుణెలో ఆర్య మహిళా సమాజం పెడితే అందులో చేరిన వాళ్లలో రమాబాయి రానడే ఉంది. ఇంతటితో అయిపోలేదు. పండిత రమాబాయి శారదా సదన్‌లో చదువుకున్న గోదూబాయి అనే వితంతువు 1893లో కర్వేను పెళ్లాడింది. ఆమెకూ పేరు మార్చారు. ఏమని? ఆనందీబాయి. ఈ రెండో ఆనందీబాయి పుట్టింటి ఇంటిపేరు ఏమిటి? జోషి!

మొదటిసారి ఇది కాగితం మీద గీసుకుంటూ పెద్దగా నవ్వాను. తర్వాత నవ్వు ఆగింది. ఈ పేర్లు ఎందుకు మళ్లీమళ్లీ వస్తున్నాయి? కోడలికి పెట్టే పేరు శుభంగా ఉండాలి, భర్త పేరుకు జోడుగా ఉండాలి, ఇంటికి కళ తేవాలి. అలాంటి పేర్లు ఎన్ని ఉంటాయి? రమ, లక్ష్మి, ఆనంది, సరస్వతి. పేర్ల కొరత దానంతటదే రాలేదు. ఆడవాళ్ల పేరును ఒక కోరికగా మాత్రమే వాడుకున్నచోట కోరికలు కొన్నే కాబట్టి పేర్లూ కొన్నే. ఇద్దరు యమునలు ఇలా మాయమయ్యారు. ఆ పేర్లతో వాళ్లు ఏమనుకున్నారో, చిన్నప్పుడు ఎవరు ఎలా పిలిచారో మనకు మిగిలింది తక్కువ.

మన దగ్గర అసలు పేరు మార్చడం అంత ఎక్కువ లేదు. లేదని గొప్ప చెప్పుకోవడానికీ లేదు. మా పెద్దమ్మ పెళ్లినాటి వరకు లక్ష్మి. అత్తగారూ లక్ష్మే కావడంతో మర్నాటి నుంచి పద్మ. బతికినన్నాళ్లూ పుట్టింట్లో ఒక మనిషి, అత్తింట్లో ఒక మనిషి. నాకేమో నాయనమ్మ పేరు పెట్టారు. అత్తగారి పేరు నోటితో అనకూడదు కదా, మా అమ్మ నన్ను ఆ పేరుతో ఒక్కసారి కూడా పిలవలేదు. ‘పాపా’ అంది, కోపం వస్తే ‘ఏమేవ్’ అంది. బడిలో వేసేటప్పుడు ఆ పేరు వెనక స్వాతి అని తగిలించారు. తీరా వెళ్తే నేను ఆ తరగతిలో నాలుగో స్వాతిని. పెద్ద స్వాతి, పొట్టి స్వాతి, కళ్లజోడు స్వాతి. నాకు మిగిలింది ‘కొత్త స్వాతి’. పదో తరగతి దాకా కొత్తగానే ఉన్నాను.

వెనక్కి పోతే విజయనగర కాలంలోనూ ఇదే తంతు. కృష్ణదేవరాయల రాణి తిరుమలదేవి. అచ్యుతదేవరాయల కాలంలో సంస్కృతంలో ‘వరదాంబికా పరిణయ చంపువు’ రాసినామె తిరుమలాంబ. అంతకు ముందు తరంలో ‘సుభద్రా కల్యాణం’ రాసిన తాళ్లపాక తిమ్మక్క. తిమ్మ అంటే తిరుమలే. ఆమెనూ కొన్ని పుస్తకాలు తిరుమలమ్మ అంటాయి. కొండమీది దేవుడి పేరు ముగ్గురికీ నీడ ఇచ్చింది. ఆ నీడలో మొహాలు కనిపించవు. వ్యావహారికంలో తిమ్మక్క, గ్రంథంలో తిరుమలాంబ. ఇంట్లో అచ్చమ్మ, అచ్చులో అచ్చమాంబ. ఇంగ్లీషు అక్షరాల్లోకి వెళ్తే ‘టి’ ఉన్న అచ్చమాంబ, ‘టి’ లేని అచ్చమాంబ. ఒక మనిషి రెండు కార్డుల్లోకి చీలడానికీ, ఇద్దరు మనుషులు ఒక కార్డులో ఇరుక్కోవడానికీ ఇంతకంటే వీలు ఏం కావాలి?

ఇదంతా లైబ్రరీ గుమాస్తా తలనొప్పి కాదా, దీనికి విమర్శ ఎందుకు అని నా మిత్రుడొకాయన అన్నాడు. అతనికి చెప్పిన జవాబే ఇక్కడా చెప్తాను. ‘ధన త్రయోదశి’ కథ 1902 నవంబరు హిందూ సుందరిలో వచ్చింది. గురజాడ ‘దిద్దుబాటు’ 1910 ఫిబ్రవరి ఆంధ్రభారతిలో వచ్చింది. రెండింటిలోనూ దారి తప్పిన భర్తను సరిచేసేది భార్యే. ఒకచోట డబ్బు విషయంలో, ఇంకోచోట సానివాడ విషయంలో. తొలి తెలుగు కథ ఏది అన్న తగాదాలో ఈ ఎనిమిదేళ్లే అసలు సాక్ష్యం. ఇప్పుడు నా కార్డు దగ్గరికి రండి. ఆ కార్డు మీద అచ్చమాంబ పుట్టిన సంవత్సరం 1906 అని ఉంది. ఆ కార్డును నమ్మితే 1902 కథ ఏమవుతుంది? పుట్టని మనిషి కథ అవుతుంది. నమ్మకస్తురాలైన పరిశోధకురాలు ఏం చేస్తుంది? 1902ను అచ్చుతప్పు అనుకుని పక్కన ప్రశ్నార్థకం పెడుతుంది. పెట్టింది. నా నోటు పుస్తకంలో ఆ ప్రశ్నార్థకం ఇప్పటికీ ఉంది. నేను కాబట్టి దొరికిపోయాను, అడిగే గైడ్ ఉంది కాబట్టి. ఒక్క సంవత్సరం తేదీని అనుమానించడానికి ఒక్క కార్డు చాలు. తర్వాత దాన్ని చూసి రాసేవాళ్లుంటారు, వాళ్లని చూసి ఇంకొకరు.

కానీ నన్ను ఇంకా ఎక్కువ ఇబ్బంది పెట్టింది దీని రెండో వైపు. అత్త కథలను వెతికి, పుస్తకంగా వేసి, ఆమెకు రావలసిన చోటు కోసం పోరాడాక పరిస్థితి తిరగబడింది. ఈరోజు ఏ సెమినార్‌లోనైనా ‘అచ్చమాంబ’ అంటే అత్తే. చాలా సంతోషం. మరి మేనకోడలు? వేలమంది ఆడవాళ్లు పురిటి మంచం మీద దేవుడి మీద భారం వేసి పడుకునే కాలంలో వాళ్ల శరీరం గురించి వాళ్ల భాషలో ఒక డాక్టరమ్మ పుస్తకం రాసింది. అది కథ కాదు, కవిత్వం కాదు కాబట్టి సాహిత్య చరిత్రలో చోటు లేదు. వైద్య చరిత్ర రాసేవాళ్లకు తెలుగు పుస్తకం అక్కర్లేదు. రాజకీయ చరిత్రలో ఎన్నికైన ఏడు, నియోజకవర్గం, పార్టీ. అంతే. మొదటి కథ రాసినామె కావాలి మనకు, మొదటి చరిత్ర రాసినామె కావాలి. ‘మొదటి’ అన్న మాటకు ఒక్కరే సరిపోతారు. రెండో అచ్చమాంబను పట్టించుకోకపోవడం పురుషుల కుట్ర మాత్రమే అని నేను అనలేను. అందులో మన వాటా ఉంది. నా పదకొండు పేజీల్లోనే చూడండి. మేనకోడలి పుస్తకం దొరికినా దాన్ని అత్త కిరీటంలో ఇంకో రాయిగా పొదిగాను తప్ప, రాసిన మనిషి ఎవరని అడగలేదు. బిడ్డల్ని కోల్పోయిన తల్లి అయితే నా వాదానికి అందం వస్తుంది. రోజూ పురుళ్లు పోసే డాక్టరైతే అంత అందం రాదు. దుఃఖం నుంచి రాసిందంటేనే ఆడదాని జ్ఞానం మనకు నమ్మబుద్ధేస్తుందా? చదివి, పనిచేసి, తెలుసుకుని రాసిందంటే చాలదా?

అత్త తన రత్నమాలలో రాసిన ఖనా చరిత్ర ఈ సందర్భంలో గుర్తొస్తుంది. జ్యోతిషం తెలిసిన కోడలు, మామను మించిపోయిందని నాలుక కోసేసిన కథ. బెంగాల్లో వానల గురించి, పంటల గురించి చెప్పే సామెతలెన్నో ఈనాటికీ ఖనా పేరు మీదే చలామణీ అవుతున్నాయి. ఎన్ని తరాల రైతులు, రైతు ఆడవాళ్లు చెప్పుకున్న మాటలో అవి. ఒక్క పేరులో ఒదిగిపోయాయి. ఒక పేరు కింద ఎంతమంది గొంతులు పడుకున్నాయో అన్న ఆలోచన నాకు ఆ చరిత్ర మొదటిసారి చదివినప్పుడు రాలేదు. కార్డు గొడవ తర్వాత చదివితే వచ్చింది.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. ఒకే పేరు పెట్టడాన్ని గందరగోళంగా మాత్రమే చూడలేకపోతున్నాను. లక్ష్మణరావు విజ్ఞాన సర్వస్వాన్ని అకారాది క్రమంలో కూర్చడానికి జీవితం ధారపోసిన మనిషి. రెండు ఆరోపాలు ఒకే పేరుతో ఉంటే ఎంత చిక్కో ఆయనకంటే తెలిసినవాళ్లెవరు? అయినా తన ఇంట్లో రెండో అచ్చమాంబను తెచ్చుకున్నాడు. తనతోపాటు కూర్చుని చదువుకున్న అక్క పోయి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు. ఆ పిల్లను పేరు పెట్టి పిలిచిన ప్రతిసారీ ఆ ఇంట్లో ఎవరు గుర్తొచ్చి ఉంటారు? మా నాయనమ్మ పేరు పెట్టుకున్నందుకు నేను ఎన్నిసార్లు విసుక్కున్నానో! ఆ పేరు లేకపోతే ఆవిడ పేరు ఏమిటో మా ఇంట్లో పిల్లలకు ఈపాటికి తెలిసేది కాదు.

పదకొండు పేజీలు తీసేశాక ఇద్దరికీ నా సొంత కార్డులు రాసుకున్నాను. మొదట ‘లక్ష్మణరావు అక్క’, ‘లక్ష్మణరావు కూతురు’ అని రాశాను. రాసి, చూసి, రెండూ చింపేశాను. ఇంత ఏడ్చి చివరికి నేనూ మధ్యలో ఒక మగవాణ్ణి నిలబెట్టే వాళ్లని విడదీశాను. భండారు, కొమర్రాజు అన్నా అదే. పుట్టిన సంవత్సరాలు రాస్తే సరిపోతుంది గానీ సంవత్సరంతో మనిషి మనసుకు అందదు. అప్పుడు మా వాళ్ల పిలుపులు గుర్తొచ్చాయి. బందరు వదిన, ఏలూరు పిన్ని, గుంటూరు అత్తయ్య. ఒకే పేరు ముగ్గురికుంటే మా ఇళ్లలో ఆడవాళ్లు ఊరితో పిలిచి ఎప్పుడో తేల్చేసుకున్నారు. సరే, ‘బిలాస్‌పూర్ అచ్చమాంబ’, ‘బెజవాడ అచ్చమాంబ’ అని రాశాను.

థీసిస్ అనుబంధంలో కూడా అలాగే పెట్టాను. మౌఖిక పరీక్షలో పరీక్షకుడు ఆ పేజీ దగ్గర ఆగి కళ్లజోడు సర్దుకుని, “ఇదేమిటమ్మా, రైల్వే టైంటేబులా?” అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మార్చమన్నారు. సమర్పించిన ప్రతిలో మార్చాను. నా పెట్టెలో ఉన్న కార్డులు మాత్రం మార్చలేదు.